తొలి బస్సులో లెక్కకు రాని తలలు

సభలో మాట్లాడటానికి లేచినప్పుడు ఆమె ముందు చేసే పని తలలు లెక్కపెట్టడం. అధ్యక్షుడు పేరు పిలిచాక మూడు నాలుగు క్షణాలు నోరు తెరవదు. కళ్ళు మాత్రం వెనక వరసనుంచి ముందు వరసకు ఒక్క చుట్టు తిరిగి వస్తాయి. కొత్త విలేకరులు దాన్ని గాంభీర్యం అనుకుంటారు. గాంభీర్యమూ కాదు, గాడిదగుడ్డూ కాదు. ఇరవై రెండేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసిన మనిషి నలుగురు కూర్చున్న చోట నిలబడితే కళ్ళు వాటంతట అవే ఆ పని చేసేస్తాయి. "తొంభై ఆరు. పన్నెండుమంది నిద్రలో ఉన్నారు," అని పక్క సభ్యుడి చెవిలో చెప్పి, అప్పుడు "అధ్యక్షా!" అంటుంది.

నిలబడే తీరూ అంతే. రెండు పాదాలు ఎడంగా పెట్టి, నడుము బల్ల అంచుకు ఆనిస్తుంది, సభ ఎక్కడ సడన్ బ్రేకు వేస్తుందో అన్నట్టు. మైకు పనిచెయ్యకపోయినా ఆమెకు ఇబ్బంది లేదు. వెనక తలుపు పట్టుకుని వేళ్ళాడేవాడికి వినపడేలా "లోపలికి జరగండి" అని అరిచిన గొంతు అది. ఎదుటి పక్షం గోల చేస్తే చెయ్యెత్తి "హోల్డాన్!" అంటుంది, డ్రైవర్ని బస్సు ఆపమన్నట్టు. ఆ మాటను రెండుసార్లు రికార్డులనుంచి తొలగించారు. తొలగించిన కొద్దీ జనం నోట్లో నానింది. చివరికి అదే ఆమె పేరైంది: హోల్డానక్క.

ఇలాంటివాళ్ళ గురించి రాసేటప్పుడు మనకొక జబ్బుంది. అట్టడుగునుంచి పైకొచ్చింది అంటాం, ప్రజాసేవకు అంకితమైంది అంటాం, దండ వేసి చేతులు దులుపుకుంటాం. ఆమె ఎవరికీ అంకితం కావడానికి రాలేదు. పార్టీకి ఖాయంగా ఓడిపోయే సీటొకటి ఉంది. అందులో నిలబడి పరువు పోగొట్టుకోవడానికి పెద్దమనిషెవడూ ముందుకు రాలేదు. డిపో సంఘంలో గట్టిగా మాట్లాడే ఆడమనిషి ఉందని ఎవరో చెబితే, సరే ఆవిణ్ణే పెట్టండి అన్నారు. ఓటర్ల జాబితాలో సగంమందిని ఆమె ఏదో ఒకరోజు రెక్క పట్టుకుని బస్సులోకి లాగినదేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు. కండక్టరుకు పార్టీ టికెట్టు ఇవ్వడం మీద చెయ్యగలిగిన హాస్యమంతా ఆ ఎన్నికల్లోనే అరిగిపోయింది, ఇక్కడ మళ్ళీ వద్దు.

లోపాలు లేవా అంటే బోలెడు. లావుపాటి కాగితాలు చదవదు, ఎవరిచేతో చదివించుకుని వింటుంది. ఎదుటివాడి మాట పూర్తికానివ్వదు. తన ప్రసంగాల వీడియోలు తనే ఫోనులో చూసుకుని, "ఇక్కడ బాగా అన్నాను కదూ?" అని మొగుణ్ణి అడుగుతుంది. ఆయన డిపోలోనే మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు.

"హారన్ బానే మోగుతోంది," అంటాడు. "ఇంజన్ సంగతే చూడాలి."

వాళ్ళుండేది సైకిళ్ళ షాపు మీది మేడలో, రెండు గదుల్లో. శాసనసభ్యురాలయ్యాక ముందు గదిలో వచ్చిన మార్పల్లా మరో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఆ గదిలో గోడకు ఒకే ఒక్క ఫ్రేము. అది ఎన్నికల్లో గెలిచినప్పటి ఫొటో కాదు, డిపో మేనేజరు సంతకంతో ఇచ్చిన కాగితం. తప్పు చేసిన కండక్టరు చేతిలో డిపోవాళ్ళు పెట్టే సంజాయిషీ నోటీసును మెమో అంటారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఈమెకు ఒక్క మెమో కూడా లేదని అందులో రాసి ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా, మంత్రులొచ్చినా సరే, ఆమె కుర్చీ చూపించే ముందు ఆ ఫ్రేము చూపించేది.

ఆమెకు పేరు తెచ్చింది రైలు. కేంద్రంలో ఉన్నది ఎదుటి పార్టీ, రాష్ట్రంలో అధికారం ఆమె పార్టీదే. ప్రయాణికులు చాలడం లేదని చెప్పి కేంద్రం చిన్న స్టేషన్లలో ఆగే రైలొకదాన్ని ఎత్తేసింది. దాని మీద ఆమె సభలో పన్నెండు నిమిషాలు మాట్లాడింది. పాలక్యాన్లవాళ్ళూ కాలేజీ పిల్లలూ కోర్టు వాయిదాలకు తిరిగేవాళ్ళూ, ఎవరు ఏ స్టేషన్లో ఎక్కి ఎక్కడ దిగుతారో వేళ్ళ మీద చెప్పింది. "దేశమంటే పెద్ద స్టేషన్లేనా అధ్యక్షా? మధ్యలో ఆగేవాళ్ళు ఎవరి మనుషులు?" అని అడిగింది. ఆ వీడియో ఊళ్ళు దాటి తిరిగింది. పార్టీ పెద్దలు ఫోను చేసి మెచ్చుకున్నారు. ధరలు పెరిగినా, ఉద్యోగాల పరీక్షలు వాయిదా పడినా టీవీలవాళ్ళు ముందు ఆమెకే ఫోను చెయ్యడం మొదలుపెట్టారు. ఆమె కూడా కొంచెం ఉబ్బిన మాట నిజమే.

కేంద్రాన్ని తిట్టడం ఏమంత కష్టం కాదు. పొరుగూరి కరణాన్ని తిట్టినట్టే, వాడికి వినపడదు, మనవాళ్ళకి మాత్రం బాగా వినపడుతుంది. సొంత వీధిలో కుళాయి రావడం లేదని అనాలంటేనే గుండె కావాలి, ఆ కుళాయి తిప్పేవాడు మనవాడే గనక. ఆ గుండె ఆమెకుందో లేదో మూడు వారాల్లో తేలింది.

ఒక సాయంత్రం ఆడబిడ్డ మెట్లెక్కి వచ్చింది. ఆమె మొగుడికి చెల్లెలు, పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని. ఊరి చివర కాలనీలో ఉంటుంది. వచ్చీరాగానే చెప్పులు విప్పి అరికాళ్ళు చూసుకుంది.

"వదినా, నీ రైలు బ్రహ్మాండంగా ఉంది. లాండ్రీలో అందరం చూశాం. ఇంతకీ మా బస్సేది?"

"ఏ బస్సే?"

"ఏ బస్సంటావేంటి! పద్నాలుగో నంబరు. ఐదూ పదికి బయల్దేరే తొలి ట్రిప్పు. వారంనుంచి లేదు."

"పాడైపోయుంటుంది. మీ అన్న కనుక్కుంటాడులే."

"బస్సు పాడైందో బుద్ధి పాడైందో స్టాపులో కాగితం చూస్తే తెలుస్తుంది. రద్దు అని అంటించారు. కింద ముద్ర మీ సర్కారుదే. కేంద్రానిది కాదు సుమా, నువ్వు మళ్ళీ టీవీలో పొరపాటు పడతావేమో."

లాండ్రీలో ఆరింటికి షిఫ్టు. ఆరూ పదికి హాజరు పుస్తకం లోపలికి వెళ్ళిపోతుంది. తర్వాతి బస్సు ఎక్కితే చేరేది ఆరూ నలభైకి. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే పేరు కొట్టేసి వేరేవాళ్ళని పెట్టుకుంటారు. ఆడబిడ్డకు అప్పటికే రెండు పడ్డాయి. మూడోది పడకుండా రోజూ చీకటితో లేచి అంత దూరమూ నడుస్తోంది. ఆమె ఒక్కతే కాదు. ఆసుపత్రిలో ఊడ్చేవాళ్ళూ కూరగాయల మార్కెట్లో బస్తాలు దింపేవాళ్ళూ హాస్టళ్ళలో వంటచేసేవాళ్ళూ, ఊరు నిద్రలేచేసరికి ఊరిని సిద్ధం చేసిపెట్టేవాళ్ళంతా ఎక్కే బస్సు అదే. ఆ బస్సు మీద పద్నాలుగేళ్ళు కండక్టరుగా చేసింది మన హోల్డానక్కే. దిగి నాలుగేళ్ళయింది.

సభలో ప్రశ్న అడుగుతానని ఆమె నోటీసు ఇచ్చింది. ఆ సంగతి తెలియగానే పార్టీ విప్‌గా ఉన్న పెద్దాయన ఆమెను పిలిపించుకున్నాడు. ఆయన గదిలో తివాచీ మందంగా ఉంటుంది, మాట మెత్తగా ఉంటుంది.

"చూడమ్మా. రైలు గురించి మాట్లాడావు, సంతోషించాం. ధరల గురించి మాట్లాడు. చంద్రమండలం గురించి మాట్లాడు, నాకేం అభ్యంతరం లేదు. పద్నాలుగో నంబరు గురించి మాత్రం ఇలా నా గదికొచ్చి మాట్లాడు."

"మీ గదికి ఆ బస్సు రాదు కదన్నా."

"వెటకారాలొద్దు. మన మంత్రి మీద మన మనిషే లేస్తే వాళ్ళు చప్పట్లు కొడతారు. వచ్చే ఎన్నికల్లో పేర్లు రాసే కాగితం ఎవరి చేతిలో ఉంటుందో నీకు చెప్పాలా?"

"ఎన్నికలు వచ్చే ఏడాది. మా ఆడబిడ్డ రేప్పొద్దున ఆరింటికి లోపలుండాలి," అని లేచి వచ్చేసింది.

రవాణా మంత్రి నలభైకి లోపువాడు. కాలేజీ రోజుల్లో ట్యూషన్‌కని ఆ తొలి బస్సులోనే తిరిగినవాడు. సభ బయట ఆమెను "అక్కా" అనే పిలుస్తాడు. బుధవారం ఆమె ప్రశ్న అడగ్గానే లేచి, నవ్వుతూనే కాగితం తీశాడు.

"అధ్యక్షా, గౌరవ సభ్యురాలి ఆవేదన నాకు అర్థమైంది. కాని ఆ ట్రిప్పులో సగటున ఎక్కేది పదకొండుమంది. పదకొండుమందికోసం అరవైమంది పట్టే బస్సు! ఇది నిన్నా మొన్నటి లెక్క కాదు, పదేళ్ళది తెప్పించాను. అందులో మొదటి ఆరేళ్ళూ ఆ బస్సుకు కండక్టరు ఎవరో కాదు, మన గౌరవ సభ్యురాలే. ఆ లెక్క ఆవిడ స్వహస్తాలతో రాసిందే. అప్పుడూ పదకొండే, లేదంటే పన్నెండు."

"అబద్ధం!" అంది ఆమె. "రోజూ యాభైకి తగ్గేవాళ్ళు కాదు. నేను లెక్కపెట్టాను!"

ఎదుటి బెంచీలనుంచి ఎవరో అందుకున్నారు. "యాభైమంది ఎక్కితే పదకొండుమందినే రాశావా? మిగతా టికెట్లు ఎవరి జేబులో పడ్డాయక్కా?"

సభంతా గొల్లున నవ్వింది. హోల్డాన్ అనడానికి ఆమె చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉంది. ఆడబిడ్డ అప్పటికే వచ్చి, బేసిన్‌లో వేడినీళ్ళు పోసుకుని పాదాలు పెట్టుకుని కూర్చుని ఉంది.

"పదకొండట! నా కళ్ళేమన్నా పోయాయా? నువ్వు చెప్పు, ఎప్పుడైనా నీకు సులువుగా సీటు దొరికిందా?"

"ఎక్కడ దొరికింది! అయినా వదినా, నువ్వున్నన్నాళ్ళూ ఆ బస్సు ఊయల్లాగుండేది. ఎక్కడం, తల ఆనించడం, ఒళ్ళు తెలీకుండా నిద్ర. పాసులు చూపించండని నువ్వు ఒక్కనాడన్నా లేపావా? పద్నాలుగేళ్ళు! మా కాలనీ అంతా నీకు ఓటేసింది ఎందుకనుకున్నావు? నిద్ర లేపని కండక్టరువని."

పొగడ్త అది. విన్న మనిషి మాత్రం కుర్చీలో కూలబడింది.

విషయం చిన్నది. తొలి బస్సులో టికెట్టు కొనేవాళ్ళు ఓ పదిమంది ఉంటే, మిగతావాళ్ళంతా నెలవారీ పాసులవాళ్ళు. కండక్టరు దగ్గర ప్రతి ట్రిప్పుకూ ఒక షీటుంటుంది. టికెట్ల లెక్క అందులో దానంతటదే పడుతుంది. పాసులవాళ్ళకు వేరే గడి ఉంది, ప్రతి పాసూ చూసి, ఎందరున్నారో ఆ గడిలో రాయాలి. చూడాలంటే లేపాలి. తెలిసిన మొహాలు, ఇంట్లో నాలుగింటికి లేచినవాళ్ళు, మళ్ళీ రాత్రిదాకా వెన్ను వాల్చనివాళ్ళు. పోనీలే పాపం అని ఆమె ఆ గడిలో అడ్డంగా ఒక గీత గీసి ఊరుకునేది. తర్వాత వచ్చిన కండక్టర్లకీ అదే నేర్పింది. "తొలి ట్రిప్పులో పాసులడగొద్దు, పడుకోనీ," అని. వాళ్ళూ గీతే గీశారు. తలలు రోజూ లెక్కపెట్టిన మనిషి, వాటిని ఒక్కనాడూ రాయలేదు. ఆఫీసులో కూర్చున్నవాడికి కనపడింది పదకొండు టికెట్లూ ఒక గీతా.

గురువారం పొద్దున్నే విప్ ఫోను చేశాడు. "నువ్వొకటన్నావు, అతనొకటన్నాడు, సరికి సరి. ఇంతటితో వదిలెయ్యమ్మా. నీ మర్యాదా దక్కుతుంది."

ఫోను పెట్టేసి, స్టూలెక్కి గోడ మీద ఫ్రేము దించింది. మొగుడు టీ గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"వాళ్ళింకా మెమో ఇవ్వలేదుగా?"

"నేనే ఇచ్చుకుంటున్నా."

"ఇరవై రెండేళ్ళు మచ్చ లేదే నీకు. ఎవడూ అడక్కుండా నీ అంతట నువ్వు చెప్పాలా?"

"చెప్పకపోతే పదకొండే ఖాయమైపోతుంది. మీ చెల్లెలు ఎన్నాళ్ళు నడుస్తుంది?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఫ్రేము అందుకుని, లుంగీ అంచుతో దుమ్ము తుడిచి, బీరువా వెనక పెట్టాడు.

ఆ రోజు సభలో ఆమె తలలు లెక్కపెట్టలేదు. లేచీలేవగానే మొదలుపెట్టింది.

"అధ్యక్షా, నిన్న మంత్రిగారు చదివిన అంకె ఆయన కల్పించింది కాదు. నేను రాసిందే. పాసులవాళ్ళను లేపడం ఇష్టంలేక ఆ గడిలో గీత గీశాను. రూల్ ప్రకారం అది తప్పు. పద్నాలుగేళ్ళు చేశాను, నా తర్వాతవాళ్ళకీ నేర్పాను. వాళ్ళనేం అనకండి, అనేదుంటే నన్ననండి. ఎవరి టికెట్టూ నా జేబులో పడలేదు. వాళ్ళ నిద్ర చెడగొట్టకూడదనుకుని వాళ్ళ ఉద్యోగమే చెడగొట్టాను."

"రాజీనామా!" అని ఎదుటి బెంచీలనుంచి అరుపులు. చెయ్యి ఈసారి పూర్తిగా లేచింది.

"హోల్డాన్! ఇంకా దిగలేదు నేను. పోయిన నెల ఇక్కడే నిలబడి, రైలు ఎత్తేశారని కేంద్రాన్ని పన్నెండు నిమిషాలు తిట్టాను. వాళ్ళూ ఒక అంకె చూపించే ఎత్తేశారు. ఆ అంకె ఎవరు రాశారు, ఎలా రాశారు అని నేను అడగలేదు. అడిగితే చప్పట్లు పడవు మరి. ఇప్పుడు అక్కడివాళ్ళనీ ఇక్కడివాళ్ళనీ కలిపే అడుగుతున్నాను. మీరు లెక్కపెట్టింది తలల్నా, కాగితాల్నా? ఒక్క వారం బస్సు నడపండి. పాసులు రాయించండి. అప్పుడూ పదకొండే అయితే ఆ నోటీసు నేనే వెళ్ళి మళ్ళీ అంటిస్తాను."

కూర్చోబోయి, మళ్ళీ లేచింది.

"ఇంకొక్క మాట అధ్యక్షా. ఎడమపక్క మూడో సీటు, కిటికీ దగ్గర, ఒళ్ళో పుస్తకాలు పెట్టుకుని నోరు తెరుచుకుని నిద్రపోయే ఒక స్టూడెంటు పాసు ఉండేది. ఆ అబ్బాయినీ నేను రాయలేదు. మంత్రిగారు కూడా ఆ పదకొండుమందిలో లేరు."

ఈసారి నవ్వు అన్ని బెంచీలనుంచీ వచ్చింది. మంత్రి తల వంచుకుని కాసేపు కాగితాలు సర్దుకున్నాడు. తర్వాత లేచి, "నోరు తెరుచుకున్న సంగతి రికార్డులనుంచి తొలగించాలని కోరుతున్నాను అధ్యక్షా," అన్నాడు. "సోమవారంనుంచి వారంపాటు బస్సు నడుస్తుంది."

సోమవారం ఐదింటికే ఆమె కాలనీ స్టాపులో ఉంది. కండక్టరు ఆమె దగ్గర పని నేర్చుకున్న మనిషే, నలభై దాటినావిడ. బస్సు కదిలిన మూడో నిమిషానికి తలలు వాలిపోయాయి. కండక్టరు షీటు చేత్తో పట్టుకుని తటపటాయిస్తూ నిలబడింది.

"నావల్ల కాదక్కా. పడుకున్నవాళ్ళని ఎలా లేపను? మీరే కదా వద్దన్నారు."

"నేను చెప్పిందే తప్పు. పద, నీతోపాటు వస్తా."

మొదట తట్టింది ఆడబిడ్డ భుజాన్నే. "లే. పాసు."

"వదినా, నేనే."

"నువ్వేనని నాకు తెలుసు. కాగితానికి తెలీదు. తియ్యి."

"ఎమ్మెల్యేవయ్యావు, ఇంక మాకు నిద్ర కూడా ఉండనివ్వవా తల్లీ!" అని సంచీ అడుగునుంచి పాసు తీసింది. వెనక సీట్లలో ఇంతకంటే ఘాటైన మాటలే పడ్డాయి. ఓటేసిన చెయ్యి నరుక్కోవాలంది హాస్టల్ వంటావిడ. అన్నీ వింటూ చివరి సీటుదాకా వెళ్ళింది. టికెట్లు పదకొండు. పాసులు నలభై ఆరు. ఆడబిడ్డ ఐదూ యాభైకి లాండ్రీలో ఉంది.

వారం లెక్క రోజూ అటూ ఇటుగా అంతే వచ్చింది. స్టాపులో నోటీసు చింపేశారు, బస్సు ఉండిపోయింది. నెల తిరక్కుండా డిపోనుంచి ఆమెకు మెమో వచ్చింది, సర్వీసు కాలంలో గడి నింపనందుకు సంజాయిషీ కోరుతూ. "నిజమే" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి పంపింది. పార్టీ తరఫున టీవీ చర్చలకు ఇప్పుడు వేరే ఆయన వెళుతున్నాడు. వచ్చే ఎన్నికల్లో ఆమె పేరు ఉంటుందో లేదో విప్‌ చెప్పడు, ఆమె అడగదు. రైలు లెక్కలు ఎవరు రాశారో చెప్పమని కేంద్రానికి మూడు ఉత్తరాలు రాసింది, జవాబు లేదు, నాలుగోది రాయిస్తోంది. ముందు గదిలో ఫ్రేము ఉండే మేకుకు ప్రస్తుతం గొడుగు వేలాడుతోంది.

నిద్ర సంగతి ఆడబిడ్డే తేల్చింది. లాండ్రీలో మిగిలిన ప్లాస్టిక్ కవర్లు కత్తిరించి, పాసు పట్టేటంత జేబులు కుట్టింది. ఎక్కగానే దాన్ని పిన్నుతో భుజానికి తగిలించుకోవాలి, తేదీ బయటికి కనపడేలా. మొదటివారం నలుగురు పెట్టుకున్నారు, రెండోవారానికి బస్సంతా పెట్టుకుంది. ఐదూ పదికి బండి కదులుతుంది. తలలు కిటికీలకు వాలతాయి. కండక్టరు చెప్పుల చప్పుడు కాకుండా చివరిదాకా నడిచి, భుజాలు చదువుకుంటూ వచ్చి, పాసుల గడిలో నలభై ఆరు అని రాస్తుంది.